ఆన్‌లైన్ విద్య – విద్యార్థి మనస్సు

“ఫోనున్నది, నెట్టున్నది, పాఠమున్నది, ఇంక చదువుటకు అడ్డమేమి?” అని పెద్దలు మమ్ము తరచుగా అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకు విద్యార్థులమైన మేము ఇంతవరకు సరిగా ప్రయత్నించలేదు. ఈ సంచికలో ఆ పని కొంత చేయదలచితిమి.

ఇప్పుడు డిగ్రీ చదువుచున్న మాలో పెక్కుమందిమి 2020 మార్చిలో బడులు మూతపడిన నాటికి ఉన్నత పాఠశాలలో ఉంటిమి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ప్రైవేటు పాఠశాలలవారు ఫోనులో తరగతులు నడిపిరి. ఇంటికి ఫోను ఒకటి, పిల్లలు ముగ్గురు. తండ్రి పనికి పోవునప్పుడు ఫోను కూడ ఆయన జేబులో పోయెడిది. ఈ కష్టములను గురించి పత్రికలు చాలినంత వ్రాసినవి. ఫోను చేతికి వచ్చిన తరువాత కూడ చదువుపై మనస్సు ఎందుకు నిలువలేదన్నది మా ప్రశ్న.

తెరపై నలుబది నల్లని గడులు, ఒక్కొక్క గడిలో ఒక పేరు. “వినబడుచున్నదా?” అని ఉపాధ్యాయులు అడుగుదురు. ఎవ్వరును పలుకరు. వినబడక కాదు. తాను నోరు తెరచినచో వెనుకనున్న కుట్టుమిషను చప్పుడు, తమ్ముని ఏడుపు, అమ్మ కేకలు తరగతికంతటికి వినబడునన్న సిగ్గు. మాలో ఒకరి చెల్లెలు, కెమెరా తెరువుమనగానే ఫోనును బోర్లించి పెట్టెడిది. ఆ ఇంటికి ఉన్నది ఒకే గది. ఉపాధ్యాయులకు అది అశ్రద్ధగా కనబడినది. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చినవారి స్థితి మరియొక విధము. నోటితో అడుగుటకు ధైర్యము చాలదు. సందేశము వ్రాయుదమన్న ఆంగ్లములో తప్పులు దొర్లునని భయము, ఉర్దూలో వ్రాసినచో సారు చదువగలరో లేదోనని సంకోచము. చివరకు ఆ సందేహమును వ్రాసి, పంపక, తుడిచివేసెడివారము. తరగతి గదిలోనైనచో పక్కవాని మోచేతిని తాకి “ఏమన్నారు?” అని అడుగవచ్చును గదా! ఆ మోచేయి తెరమీద లేదు.

నిజము చెప్పవలెనన్న మా తప్పును లేకపోలేదు. హాజరు కొరకు ఫోను తెరచి యుంచి నిద్రించినవారు మాలో కలరు. కాని మొదటి వారములో ఎవ్వరమును నిద్రించలేదు. మేము ఉన్నామో లేదో ఎవ్వరికిని పట్టదని తెలిసిన తరువాతనే నిద్ర వచ్చినది.

విద్యా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని చాల కాలము నుండి పరిశీలించుచున్నారు. రైన్‌హార్డ్ పెక్రున్ అను శాస్త్రజ్ఞుడు 2006లో వివరించిన సిద్ధాంతము ప్రకారము, చదువునందలి భావోద్వేగములు ముఖ్యముగా రెండు తలపుల నుండి పుట్టును. ఇది నా చేతనగునా? దీనివలన నాకు ప్రయోజనమున్నదా? రెండింటికిని ఔనన్న జవాబు దొరికినచో చదువు ఆనందమగును. ప్రయోజనమున్నదని తెలిసియు చేతనగునో కాదోయను శంక కలిగినచో ఆందోళన. అసలు ప్రయోజనమే కనబడనిచో విసుగు. తరగతి గదిలో ఈ రెండు జవాబులను అధ్యాపకులు మనకు తెలియకుండగనే ఇచ్చుచుందురు. ఒక తలయూపు, “మరల చెప్పు, దగ్గరకు వచ్చినావు” అన్న ఒక మాట చాలును. రికార్డు చేసిన పాఠమునకు తలయూపుట రాదు.

ఇది బీదల సమస్య మాత్రమేనని అనుకొనరాదు. హార్వర్డ్, ఎం.ఐ.టి. విద్యాసంస్థలు ఎడెక్స్ వేదికపై నడిపిన కోర్సుల లెక్కలను ఇద్దరు పరిశోధకులు 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. 2017–18లో పాల్గొన్నవారందరిలో కోర్సు పూర్తి చేసినవారు నూటికి 3.13 మంది. పేరు నమోదు చేసికొన్నవారిలో సగమునకు మించి పాఠములోనికి అడుగైనను పెట్టలేదు. రుసుము చెల్లించి ధ్రువపత్రము కోరినవారిలో సయితము పూర్తి చేసినవారు నూటికి 46 మంది. వీరికి ఫోనులు లేవా? నెట్టు లేదా?

అట్లని మేము ఆన్‌లైన్ విద్యకు విరోధులము కాము. అర్థము కాని సమీకరణమును పదిసార్లు త్రిప్పి చూచినను పాఠము కోపగించదు. బిడియస్తులకు అదొక వరము. దూరపు కళాశాలకు పంపుటకు ఇంటివారు వెనుదీసిన ఆడపిల్లలకు అది తలుపు తెరచినది. అంతేకాదు, దూరవిద్య ఈ నేలకు క్రొత్తయు కాదు. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే పుట్టినది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేర నడుచుచున్నది. 1998లో స్థాపించబడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము సయితము దూరవిద్యతోనే పని ప్రారంభించినది. ఇవి పుస్తకములను టపాలో పంపి ఊరకుండలేదు. అధ్యయన కేంద్రములు పెట్టి, విద్యార్థులను ఒకచోట కూర్చుండబెట్టి, సందేహములు తీర్చు ఏర్పాటు చేసినవి. అట్లు చదివి పట్టము పొందిన తల్లులు, తండ్రులు మా యిండ్లలోనే కలరు.

“మా కాలములో వీధి దీపము క్రింద చదివితిమి, పట్టుదల లోపల నుండి రావలెను” అని కొందరు పెద్దలందురు. వారి శ్రమను మేము శంకించము. కాని ఆ దీపము ప్రక్కనున్న అరుగుపై ఒక తాతయో, ఒక ఉస్తాదో కూర్చుండి “ఏమి చదువుచున్నావురా?” అని అడిగెడివాడు. పెద్దలు తమ కథలో దీపమును చెప్పుదురు గాని ఆ ప్రశ్నను చెప్పుట మరచిపోవుదురు.

ఈ మాటలు ఇప్పుడెందుకనగా, విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021 నిబంధనల ప్రకారము ఒక సెమిస్టరులోని కోర్సులలో నూటికి 40 వంతుల వరకు ‘స్వయం’ వేదికపై చదివి క్రెడిట్లు పొందు వీలు కల్పించినది. మన కళాశాలలోను ఆ విధముగ కొన్ని విషయములు చదువుచున్నాము. గత సంవత్సరము మా తరగతిలో పేర్లిచ్చినవారిలో పరీక్ష దాక వెళ్ళినవారము నలుగురమే. మేము అందరికంటె తెలివిగలవారమని కాదు. నలుగురము ఒకే హాస్టలు గదిలో ఉండి ఒకరినొకరము తట్టి లేపుకొన్నవారము.

కావున పాలకవర్గమువారికి మా మనవి ఇది. కంప్యూటర్లు కొనుటకు ముందు ప్రతి ఆన్‌లైన్ కోర్సునకు ఒక అధ్యాపకుని పేరు నిర్ణయింపుడు. ఒక విద్యార్థి వారము దినములు పాఠము తెరువనిచో వారు ఫోను చేసి క్షేమమడుగవలెను. అది విచారణగా ఉండవలెను గాని జరిమానాగా ఉండరాదు. అధ్యాపకులకు ఇదివరకే పని భారము హెచ్చుగా నున్నదని మేమెరుగుదుము; అందుచేత ఈ పనిని వారి పీరియడ్ల లెక్కలో చేర్చుట న్యాయము. సందేహములను ఉర్దూలోను, తెలుగులోను వ్రాయుటకు అనుమతి కావలెను. కెమెరా మూసినవానిని నలుగురిలో మందలించుట మానవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక కోర్సు చదువువారందరము వారమునకొక గంట ఒకచోట కూర్చుండు ఏర్పాటు కావలెను. అధ్యాపకులు రాలేనినాడు పై తరగతి విద్యార్థులు వత్తురు. అందుకు మూడవ సంవత్సరపు మిత్రులు కొందరు ఇప్పటికే ఒప్పుకొన్నారు. స్థలమునకును కొదువ లేదు. గ్రంథాలయము వెనుక గది మధ్యాహ్నము మూడు గంటల తరువాత ఖాళీగానే యుండును. తాళపుచెవి అటెండరు వద్ద కలదు.