ఇరవయ్యో నంబరు వీసా

పరాయి దేశంలో పని చేసేందుకు ఇచ్చే అనుమతి కూలికి చెందినదా, ఆ కూలిని పిలిపించుకొన్న యజమానికి చెందినదా అన్న ప్రశ్నకు కువైట్ చట్టం చెప్పే జవాబు మీదనే, ఉమ్మడి కడప జిల్లానుంచి దశాబ్దాలుగా అక్కడికి వెళుతున్న కుటుంబాల మంచిచెడ్డలు ఆధారపడి ఉన్నాయి. అక్కడి కఫాలా పద్ధతిలో, అంటే విదేశీ కార్మికుల పూచీ మొత్తం కఫీల్ అనే స్థానిక యజమానికి అప్పగించే ఏర్పాటులో, అకామా అనే నివాసానుమతి ఆ యజమానితోనే ముడిపడి ఉంటుంది. అందువల్ల జీతం ఎగ్గొట్టినందుకో, కొట్టినందుకో ఇల్లు విడిచి బయటపడిన స్త్రీ, ఫిర్యాదుదారుగా కాక పరారీ అయిన మనిషిగా నమోదై, కార్మికుల వాడుకలో ‘ఖల్లివెల్లి’ అనే కాగితాల్లేని బతుకులో పడుతుంది.

ఈ అనుమతిలోనూ రెండు అంతస్తులున్నాయి. కంపెనీలలో, దుకాణాలలో పని చేసేవారిది 18వ నంబరు వీసా; 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వారికి వర్తిస్తుంది. ఇళ్లలో పని చేసే ఖద్దామాలనే పనిమనుషులది, వంటవారిది, ఇంటి డ్రైవర్లది 20వ నంబరు. ఆ చట్టం వీరిని తన పరిధినుంచే తప్పించింది. ఆ లోటు పూడ్చడానికి 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం, పని రోజుకు 12 గంటలు మించరాదని, వారానికొక సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టును యజమాని తన దగ్గర దాచుకోరాదని నిర్దేశించగా, మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయమైంది. ఇవి మంచి నియమాలే. కాని తలుపు మూసిన ఇంటిలో జరిగే పనిని తనిఖీ చేసేవారెవరు? ఏజెంట్లు ‘ఆజాద్ వీసా’ పేరుతో అమ్మేది కూడా తరచూ ఈ 20వ నంబరే. కఫీల్ పేరుకే ఉంటాడని, బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చునని నమ్మించేవారు, అది అక్కడ శిక్షార్హమన్న సంగతి మాత్రం చెప్పరు.

ఇక భారతదేశం వైపు చూస్తే, 1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదో తరగతి పూర్తి చేయనివారి పాస్‌పోర్టు మీద ‘ఇ.సి.ఆర్.’ ముద్ర, అంటే వలస తనిఖీ అవసరమన్న గుర్తు, ఉంటుంది. వారు కువైట్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. అటువంటి స్త్రీలకు 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016నుంచి వారిని ఇంటిపనికి పంపే అధికారం ఆంధ్రప్రదేశ్‌లోని ఓమ్‌క్యాప్ వంటి ప్రభుత్వ సంస్థలకే పరిమితమైంది. రక్షించాలన్న ఉద్దేశం నిజమైనదే అయినా, ఫలితం వేరుగా ఉంది. కడప జిల్లాలోని ఎర్రగుంట్ల చుట్టూ నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, కలమళ్ల దగ్గర థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నప్పటికీ, పది చదవని ఆడమనిషికి ఏడాది పొడుగునా జీతమిచ్చే పని దొరకడం కష్టం. వానను నమ్ముకొన్న చేను అప్పు తీర్చనప్పుడు, ఇరవై అయిదేళ్ల తల్లి ముప్పై నిండేవరకు ఆగదు. విజిట్ వీసా మీద దుబాయి చేరి, అక్కడినుంచి మరో దేశానికి తరలుతుంది. సక్రమమార్గంలో రెండేళ్లకు 275 రూపాయలతో దొరికే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా గాని, ఏజెంటు రుసుము 30 వేలు, దానిపై పన్ను మించరాదన్న పరిమితి గాని, 2021 జూన్‌లో ఇంటి పనివారి నియామకంపై రెండు దేశాలు కుదుర్చుకొన్న ఒప్పందం గాని ఆమె దాకా రావు. వయసు నిబంధన ఆమె ప్రయాణాన్ని ఆపలేదు, ఆ ప్రయాణానికున్న రక్షణను మాత్రం తీసివేసింది.

ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో దొరికిన ఆరో శతాబ్దపు రేనాటి చోళుల శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు గుర్తించారు. పాలకుల మాటను తెలుగులో రాతికెక్కించిన ఆ సీమలోని స్త్రీ, తన శ్రమను తాకట్టు పెట్టే కాగితం అరబ్బీలో, ఆంగ్లంలో ఉంటే, అందులోని జీతమెంతో తెలియకుండానే సంతకం చేయవలసి రావడం సహించరానిది. వయసు నిబంధనను సడలించి, అనుమతి ఇచ్చే కార్యాలయాన్ని కడపకు తెచ్చి, ప్రతి ఒప్పందాన్నీ సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించాలి. చదివి చెప్పేవారి కోసం ఎక్కడో వెతకనక్కరలేదు. ఏళ్లతరబడి కువైట్ ఇళ్లలో పని చేసి, అరబ్బీ మాట్లాడడం నేర్చి తిరిగి వచ్చిన ఆడవారు ఈ జిల్లాలోనే ఉన్నారు, ఆ ఇళ్ల గురించి ఏ ప్రశ్న ముందుగా అడగాలో వారికి తెలుసు.