పొంతన కుదిరితేనే పాట

పెళ్లికి ముందు జాతకాలు చూస్తాం. ఆ పెళ్లి ఊరేగింపులో వాయించే క్లారినెట్‌కూ, దాని మౌత్‌పీస్‌కూ పొంతన ఎవరు చూస్తారు?

ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఓ బ్యాండు కుర్రాడు పాత క్లారినెట్‌కు కొత్త మౌత్‌పీస్ కొన్నాడనుకుందాం. కార్కు బిగుతుగా పట్టింది కదా, సరిపోయిందనుకున్నాడు. తీరా పెళ్లిపందిట్లో శ్రుతి తప్పింది. నలుగురిలో మాట పడ్డాడు. పాపం, తప్పు అతనిది కాదు.

బిగుతు పైపైదే. అసలు చూడాల్సింది మౌత్‌పీస్ లోపలి ఖాళీ. అది ఎక్కువైతే స్వరం దిగుతుంది. అన్ని స్వరాలూ ఒకేలా దిగితే బాధ లేదు. వేళ్లన్నీ ఎత్తి ఊదే స్వరం బాగా దిగుతుంది, రంధ్రాలన్నీ మూసి ఊదేది కాస్తే దిగుతుంది. మోగే గొట్టం పొట్టిదైనకొద్దీ ఆ ఖాళీ వాటా పెరుగుతుంది మరి.

అందుకే కొనడానికి వెళ్లేటప్పుడు క్లారినెట్‌నూ, అలవాటైన రీడునూ వెంట తీసుకెళ్లాలి. కాసేపు ఊది వాయిద్యం వెచ్చబడ్డాక ఆ రెండు స్వరాలనూ హార్మోనియంతోనో, ఫోన్‌లోని ట్యూనర్‌తోనో పోల్చి చూడాలి. రెండూ కొద్దిగా హెచ్చుగా ఉంటే బ్యారెల్‌ను కాస్త పైకి లాగితే సర్దుకుంటుంది. ఒకటి కుదిరి రెండోది బాగా తప్పితే మాత్రం ఆ సంబంధం వదులుకోవడమే మేలు!