మనం ఊరెళ్లిన రోజున గిన్నెలో నీళ్లు ఎవరు పోస్తారు?



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి రాజమండ్రిలో బి.యస్సీ. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడిది. ఇద్దరు స్నేహితులతో కలిసి గది అద్దెకు తీసుకున్నాడు. రెండు వారాలకొకసారి తల్లిని చూడటానికి ఊరు వెళతాడు. ఇవి గాక యౌవనస్థుల కూటములు, పండుగలు, హైదరాబాదులో అక్కగారి ఇల్లు. నాన్నగారు ప్రభువునందు నిద్రించి ఏడాది అయిందట. "సాయంత్రం తలుపు తీస్తే నన్ను చూసి సంతోషించే ప్రాణి ఒక్కటి ఉంటే చాలనిపిస్తుంది. స్నేహితుడొకడు కుక్కపిల్లను ఇస్తానంటున్నాడు. తీసుకోనా?" అని అడిగాడు.

తమ్ముడూ, నీ ఉత్తరం మా ఇంటిల్లిపాదీ చదివాము. నీ కోరిక తప్పు కాదు. నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన కథలో ఒక పేదవాడు ఒకే ఒక్క గొఱ్ఱెపిల్లను బిడ్డలాగా పెంచుకున్నాడు. మూగజీవి మీద మనిషికి అంత ప్రేమ ఉంటుందని ఆ కాలం వారికీ తెలుసు. అయితే ఆ పేదవాడు రోజూ ఇంటి దగ్గర ఉండేవాడు. నీవు ఉండవు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు మా తప్పు చెప్పుకుంటాము. మా పెద్దబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో ఒక కుక్కపిల్లను తెచ్చాడు. మేమూ ముచ్చటపడ్డాము. వాడు కాలేజీకి, మేము ఉద్యోగాలకు పోతే అది పగలంతా వరండా స్తంభానికి కట్టి ఉండేది. ఒక దసరా సెలవులకు నాలుగు రోజులు ఊరు వెళుతూ, దానికి అన్నం పెట్టమని పక్కింటివారికి అప్పగించాము. వారు పాపం వేళకు పెట్టారు. అది ముట్టలేదు. రెండో రాత్రి తాడు కొరుక్కుని మమ్మల్ని వెతుక్కుంటూ పోయింది. వచ్చాక వీధి వీధీ తిరిగాము. దొరకలేదు. కుక్కకు అన్నం పెట్టే చెయ్యి ఒక్కటే చాలదు, తన మనుషులు కావాలి అన్న సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

అందుచేత కుక్కపిల్ల సంగతి లెక్క వేసి చూద్దాము. చిన్నపిల్లకు రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి వరుసగా టీకాలు వేయించాలి. మూడు నెలలు నిండాక పిచ్చికుక్క వ్యాధి టీకా, ఆ తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. వెంట తీసుకుని ప్రయాణం చేద్దామంటే, రైలులో స్లీపరు బోగీలోగాని, ఏసీ రెండు, మూడు టైర్లలోగాని పెద్ద కుక్కను పక్కన కూర్చోబెట్టుకోనివ్వరు. పార్సిలు ఆఫీసులో బుక్ చేసి గార్డు వ్యానులోని పెట్టెలో పంపాలి, లేదా ఫస్ట్ ఏసీలో గది మొత్తం తీసుకోవాలి. విద్యార్థి జేబుకు అది అయ్యే పని కాదు. పైగా కుక్క పది పన్నెండేళ్లు బ్రతుకుతుంది. నీ డిగ్రీ ఇంకొక ఏడాదిన్నర. ఆ తరువాత ఉద్యోగం ఏ ఊరిలోనో నీకే తెలియదు. అప్పుడు వీధిలో వదిలేద్దాము అనుకోకూడదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

పిల్లి ఒంటరిగా ఉండగలదని కొందరు అంటారు. ఒక పగలు ఉండగలదు. రెండు మూడు రోజులు తలుపు వేసి పోతే దానికీ కష్టమే. పిల్లికి అలవాటైన చోటు మీద మమకారం ఎక్కువ, ఊళ్లు తిప్పితే బెంబేలెత్తుతుంది.

రామచిలుకను మాత్రం ఎవరైనా పంజరంతో సహా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. నక్షత్ర తాబేలు కూడా అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న పిట్టలు పరదేశపువి గనుక వాటికి ఈ అడ్డు లేదు. కాని అవి గుంపుగా బ్రతికే పిట్టలు. ఒక్కదాన్ని తెచ్చి రోజంతా వదిలిపోతే దిగులు పడతాయి. ప్రతి ఉదయం నీళ్లు మార్చాలి. మన ఎండాకాలంలో మూసిన గదిలో నీళ్ల గిన్నె ఎండితే ఒక్క రోజులోనే ప్రాణం మీదికి వస్తుంది.

మరి నీకు తగినదేది? మా మాట వింటే, మూతగల పదిహేను ఇరవై లీటర్ల గాజు తొట్టిలో ఒక ఫైటర్ చేప. గాజు సీసాలో పెట్టి అమ్ముతారు గాని సీసా దానికి చాలదు. మగచేపలు రెండు కలిస్తే పోట్లాడుకుంటాయి గనుక ఒక్కటే ఉండాలి, దానికి అదే సుఖం. ఆయుష్షు సుమారు రెండు మూడేళ్లు, నీ చదువుకు సరిపోతుంది. కుళాయి నీళ్లలో బ్లీచింగు ఉంటుంది, వాటిని వెడల్పు బక్కెట్టులో ఒక రోజు ఉంచి పొయ్యి. వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చు. రెండు నిమిషాలలో తినగలిగినంతే మేత వెయ్యి. పెరిగిన, ఆరోగ్యంగా ఉన్న చేప రెండు రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది. నీ శని ఆదివారాల ప్రయాణానికి భయం లేదు. ఎక్కువ రోజులు వెళితే ఒక్కొక్క రోజు మేత చిన్న పొట్లం కట్టి గదిలోని స్నేహితుడికివ్వు. పొట్లాలు ఎందుకంటే, జాలిపడి గుప్పెడు వేస్తారు. అది కుళ్లి నీరు చెడి చేప చస్తుంది. చేపలు ఆకలితో కంటె అతి మేతతోనే ఎక్కువ చస్తాయని పెంచేవారు అంటారు. విసుగు పుట్టినా చెరువులో మాత్రం వదలవద్దు, ఎవరికైనా ఇవ్వు.

చేప తోక ఊపుతూ ఎదురు రాదని నీవనవచ్చు. నిజమే. దానికి ఒక మాట చెబుతాము. ఊరిలో మీ అమ్మగారు కూడా ఒంటరిగానే ఉన్నారు గదా! ఈసారి వెళ్లినప్పుడు, "అమ్మా, ఇంట్లో ఒక కుక్క ఉంటే నీకు బాగుంటుందా, భారమా?" అని అడుగు. ఆమె సరేనంటే, ఆ కుక్కపిల్లను ఆమె దగ్గర పెట్టు. టీకాల ఖర్చు నీవు భరించు. రెండు వారాలకొకసారి గుమ్మంలోనే ఎదురొచ్చే ప్రాణి నీకూ ఉంటుంది. ఆమె వద్దంటే మాత్రం బలవంతం చెయ్యకు. మన ముచ్చట ఇంకొకరి చాకిరీ కాకూడదు.

ఇంకొక్క మాట, తమ్ముడూ. నాన్నగారి లోటు ఏ జంతువూ తీర్చలేదు. గదిలోని ఆ ఇద్దరు స్నేహితులతో ఆయన గురించి ఎప్పుడైనా మాట్లాడావా? ఒక సాయంత్రం మాట్లాడి చూడు.

పాఠకులారా, మీ ఇంటికి ఏ ప్రాణిని తెచ్చేముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. మనం ఊరెళ్లిన రోజున దీని గిన్నెలో నీళ్లు ఎవరు పోస్తారు? జబ్బు చేస్తే డబ్బు ఎక్కడిది? ఐదేళ్ల తరువాత ఇది ఎవరి దగ్గర ఉంటుంది? మూడింటికీ జవాబు ఉంటే సంతోషంగా తెచ్చుకోండి. లేకపోతే జవాబు దొరికేదాకా ఆగండి. ఆగడం కూడా ఆ ప్రాణి మీద దయే.