నెపం బటన్ ఫోన్ మీద వేయకండి

రాజపాళయం బంధుమిత్రులారా! కాస్త పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

సంఘం నోటీసులు తెలుగు లిపిలో ఎందుకు పెట్టరని అడిగితే ఇప్పటికీ ఒకటే జవాబు: "బటన్ ఫోన్ల కాలం నుంచి ఇంగ్లీషు అక్షరాలే అలవాటు. ఆ చిన్న ఫోన్లు మన వత్తులు, గుణింతాలు మోయలేకపోయాయి." అలవాటు సంగతి నిజమే. మోయలేకపోయాయన్నది మాత్రం నిజం కాదు.

ఆ ఫోన్ల లోపల న్యూక్లియస్, రెక్స్ వంటి రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేవి. ఏ పని ముందు, ఏది తర్వాత అని తేల్చడం వాటి పని. జీఎస్ఎంలో 4.615 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేమ్, అందులో 8 వాటాలు. తన వాటా వచ్చిన క్షణాన ఫోన్ టవర్‌ను అందుకోకపోతే కాల్ చెడుతుంది. అందుకే రేడియోకు పెద్దపీట. తెర మీద అక్షరం గీయడం అడుగు వరుస పని. రెప్పపాటు ఆలస్యమైనా నష్టం లేదు. 'లక్ష్మి' అని చూపాలంటే 7 కోడ్‌లు కలిపి 2 అక్షరాలు గీయాలి. రేడియోకు అడ్డు రాకుండా తీరికలో అయ్యే పనే అది.

మెమరీ చాలదంటారా? చైనా వాళ్ల జీబీ 2312 పట్టికలో 6,763 చైనా అక్షరాలున్నాయి. అలాంటి బటన్ ఫోన్లలోనే వాళ్లు తమ లిపి రాసుకున్నారు. అక్కడ ఆ లిపి లేకపోతే ఫోన్ అమ్ముడుపోదు. ఇక్కడ తెలుగు లేకపోయినా అమ్ముడుపోయింది. కంపెనీకి తొందరేముంది? తర్వాత చవక బటన్ ఫోన్లలోనే తెలుగు మెనూలు వచ్చాయి కదా!

ఒక్క ఇబ్బంది ఒప్పుకుంటాను. ఒక ఎస్సెమ్మెస్‌కు 140 బైట్లే. అందులో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే, తెలుగు కోడ్‌లు 70 మాత్రమే. అప్పట్లో పొదుపు సబబే. మరి వాట్సాప్‌లో ఆ లెక్క ఎక్కడిది?

మన ఇళ్లలో తెలుగు మాట ఉంది; పిల్లల చదువు తమిళంలో, ఇంగ్లీషులో. తెలుగు అక్షరం వాళ్ల కంటపడే చోట్లే తక్కువ. ఆ కొంచెం చోటునూ మనమే మూసేస్తే ఎలా? పైగా ఇంగ్లీషు అక్షరాల్లో కళ్లకూ కల్లుకూ తేడా తెలియదు. రేపు కళ్ల శిబిరానికి రమ్మంటే ఎవరు దేనికి వస్తారో!

నేను అడిగేది చిన్నది. ప్రతి నోటీసూ పైన తెలుగు లిపిలో, కింద అవే మాటలు తమిళ లిపిలో పెట్టండి. చదవలేనివారికి ఇబ్బంది ఉండదు, చూసి చూసి పిల్లలు అక్షరాలు పోల్చుకుంటారు. కుదరదంటే అసలు కారణం చెప్పండి. పాత ఫోన్ పేరు మాత్రం చెప్పకండి.