గోడకు తెర తగిలిస్తే బడి బాగుపడుతుందా?

జూన్ వచ్చిందంటే కరీంనగర్ కూడళ్లలో ప్రైవేటు బడుల ఫ్లెక్సీలు లేస్తాయి. బడి పేరు కింద పెద్దక్షరాల్లో 'డిజిటల్ క్లాస్‌రూం'. పిల్లవాడికి లెక్కలు చెప్పేదెవరో, ఆయన ఆ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నాడో ఏ ఫ్లెక్సీ మీదా కనపడదు. ఇప్పుడు సర్కారు బడుల గురించి మాట్లాడేవాళ్లూ ఇదే పాట అందుకున్నారు. ఊరి బడి వెనకబడింది యంత్రం లేకనట. ఉన్నచోట సార్లకు వాడటం రాకనట. టీవీ చర్చల్లోనూ, చదువుకున్నవాళ్ల ఇళ్లలోనూ ఈ మాటకు ఎదురే లేదు. మాట మాత్రం తప్పు.

ముందు సార్లకు రాదన్న సంగతి చూద్దాం. ఆదిలాబాద్ జిల్లాలో తొడసం కైలాస్ అనే ప్రభుత్వ ఉపాధ్యాయుడున్నారు. మహాభారతాన్ని గోండిలోకి తెచ్చారు. కృత్రిమ మేధ సాయంతో మరో గిరిజన భాష కొలామీలో పాట కట్టారు. 2025 ఫిబ్రవరి 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆయన పేరెత్తితే విన్నవాళ్లు ఏఐ ఎంత గొప్పదో అనుకున్నారు. అదే ఏఐ హైదరాబాద్‌లో వేలమంది ఇంజనీర్ల చేతుల్లోనూ ఉంది. కొలామీ పాట కట్టాలని వాళ్లలో ఎవరికి తోచింది? ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష మధ్య పిల్లలు ఎక్కడ ఆగిపోతారో తెలిసిన మనిషికే ఆ తలపు వచ్చింది. ఆ తెలివిడి ఏ టెండర్‌లోనూ దొరకదు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల బాధేమిటో తెలుసుకోమని నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో బడి పని మొదలైనప్పుడు ఆయన ముందుగా పట్టించుకున్నది మాస్టర్ల సంగతి. గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించారు, గోండిలో వాచకాలు రాయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టి మళ్లీ అదే దారి పట్టింది. గోండి, కొలామీ ఆ ఎనిమిదిలోనివే.

అలాంటి సార్లను బడికి తెచ్చే దారి ఒకటి మాత్రం మూసుకుపోయింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. రిజర్వేషన్ నూటికి నూరు ఉండొచ్చా అన్నది రాజ్యాంగ ప్రశ్న, కోర్టు దానికి జవాబిచ్చింది. పిల్లల భాష తెలిసిన సారు అక్కర్లేదని కోర్టు అనలేదు. ఆ సారును తెచ్చే మరో దారి వెతకడం ప్రభుత్వాల పని. తెరల మీద జరిగినంత చర్చ దాని మీద ఎక్కడ జరిగింది?

ఆ ఏడాదే కరోనా. 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి! ఒకటి, రెండు తరగతులను వదిలేశారు. నేను దాన్ని తప్పుపట్టను. ఆరేళ్ల బిడ్డ చెయ్యి పట్టి 'అ' దిద్దించే పని టీవీ చేయలేదని అధికారులకూ తెలుసన్నమాట. తెలిసీ మళ్లీ తెరే మందంటున్నారు.

అసలు ప్రాథమిక బడి సారు ఉద్యోగ ప్రయాణం ఎలా సాగుతుందో చూడండి. టీటీసీ, ఇప్పటి పేరుతో డీఎడ్, చదివి డీఎస్సీ కోసం కూర్చోవాలి. 2017 నోటిఫికేషన్ తర్వాత నియామకాల దాకా వెళ్లిన నోటిఫికేషన్ మళ్లీ 2024లోనే. చివరికి ఎస్‌జీటీ ఉద్యోగం వస్తుంది. ఏళ్ల తరబడి చిన్నపిల్లలతో వేగాక వాళ్లకు అక్షరం పట్టించే ఒడుపు చేతికొస్తుంది. సరిగ్గా అప్పుడే ప్రమోషన్ వచ్చి, స్కూల్ అసిస్టెంటై హైస్కూలుకు పోతాడు. ఆ ఒడుపును వదిలేస్తేనే ఎదుగుదల అన్నట్టుంది మన పద్ధతి. పంటకొచ్చిన చేను వదిలి కొత్త బీడు దున్నమన్నట్టు. మధ్యలో అవార్డులొస్తాయి. ఉమ్మడి ఆదిలాబాద్ నుంచే 2021లో సావర్‌ఖేడ బడి రంగయ్యకు, 2023లో నిపాని బడి సంతోష్‌కుమార్‌కు జాతీయ పురస్కారాలొచ్చాయి. మంచిదే. కానీ శాలువా కప్పి ఫొటో దిగాక, వాళ్ల పక్క ఊరి బడిలో ఐదు తరగతులకు ఒక్కరే సారైతే ఆయనకు ఒరిగిందేమిటి?

సారు చేతిలో సాంకేతికత లేకనూ కాదు. ఫోను ఉంది. దాంట్లో ముఖ గుర్తింపు హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, యూడైస్ వివరాలు, తీసి పంపాల్సిన ఫొటోలు. బడి వేళలో ఆ ఫోను పిల్లల కోసం కంటే పై ఆఫీసు కోసమే ఎక్కువ పనిచేస్తోంది. వీటిలో సగం పని మండలానికి ఒక క్లర్కును పెట్టి చేయించవచ్చు. అది ఎవరికీ ఆధునికంగా కనిపించదు గనక ఆలోచించరు.

యంత్రం వద్దంటున్నావా అని అడిగేవాళ్లుంటారు. వద్దనను. అర్థంకాని పాఠాన్ని బొమ్మతో చూపగలిగితే ఏ సారు కాదంటాడు? ఏం కొనాలో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే హక్కు ఆయనకు ఇవ్వమంటున్నాను. ఒకటో తరగతిలోనే ఉండిపోవాలనుకునే టీచరుకు అక్కడే హోదా, జీతం పెరిగే దారి వెయ్యమంటున్నాను. తరగతికొక మనిషిని ఇవ్వమంటున్నాను. వీటికి డబ్బెక్కడిదంటే, తెరల కోసం తీసిన పద్దులోంచే మొదలుపెట్టవచ్చు.