ఉబ్బసమును దాఁచెడి గృహస్థులకు

మన యిండ్లలో జ్వరము వచ్చినవానిని వైద్యునొద్దకుఁ గొనిపోవుదురు. చూపు మసకబాఱినవానికి కంటియద్దములు పెట్టింతురు. ఉబ్బసము గల యాఁడపిల్లను మాత్రము దాఁచుదురు. ఆమె మందు పీల్చెడి సాధనము బీరువాలోఁ జీరల క్రింద నుండును. చుట్టములు వచ్చినపుడు దగ్గును దిగమ్రింగుమని తల్లియే నేర్పును. ఏలయనగా, పెండ్లి సంబంధము తప్పిపోవునఁట! కూఁతురి యూపిరిని పణముగా నొడ్డెడి యీ తెలివిని నేమనవలెను?

ఉబ్బసమనఁగా ఊపిరిగొట్టములు లోలోపల వాచియుండుట. ధూళియో, పొగయో, జలుబో సోఁకినంతనే యవి బిగుసుకొని శ్లేష్మముతో నిండును. ఆయాసమును పిల్లికూఁతలును బయలుపడును. ఆయాసము తగ్గినంతనే వాపును తగ్గినదనుకొనుట మన మొదటి పొరపాటు. సాల్బుటమాలు వంటి ఉపశమనౌషధము కొన్ని నిమిషములలో గొట్టములను వదులుచేయును. కొన్ని గంటలకు దాని బలము తీఱిపోవును. వాపును అణఁచునది బ్యుడెసొనైడు వంటి నివారకౌషధము. పెద్దలకును కౌమారమునందున్న వారికిని ఉపశమనౌషధ మొక్కదానితోనే చికిత్స చేయరాదని గినా యను అంతర్జాతీయ సంస్థ 2019లోనే చెప్పినది.

"పీల్చుమందునకు అలవాటు పడుదురు" అని పెద్దలు వాదింతురు. వారే మాత్రలను నిశ్చింతగా మ్రింగింతురు. లెక్క చూడుఁడు. సాల్బుటమాలు మాత్రలో 4000 మైక్రోగ్రాముల మందు గలదు. ఒక్క పీల్పులో నున్నది 100. నలువది రెట్ల మందును దేహమంతట వ్యాపింపఁజేయుట క్షేమమఁట. కావలసినంతయే కావలసిన చోటికిఁ బంపుట యపాయమఁట! నివారకౌషధమునకు దోషములు లేవనను. గొంతు బొంగురుపోవచ్చును, నోటఁ బూఁత రావచ్చును. పీల్చినపిదప నోరు పుక్కిలించిన నవి చాలవఱకుఁ దప్పును. మోతాదును వైద్యుఁడు నిర్ణయించును. అద్దములు లేక చదువలేనివానిని అద్దములకు వ్యసనపడినాఁడందుమా?

ఏఁటేఁట మృగశిరకార్తెనాఁడు హైదరాబాదు నాంపల్లి మైదానమున వేలకొలఁది జనులు బారులు తీఱి, మందు కూర్చిన సజీవమైన కొఱ్ఱమీనుపిల్లను మ్రింగుదురు. అది ఉబ్బసమును మాన్పునని శాస్త్రపరీక్షలు ఋజువుచేయలేదు. అయినను బారులలో నిలిచినవారిని నేను పరిహసింపను. ఊపిరాడనివాఁడు దొరికినదానిని పట్టుకొనును. పైగా ఆ చేఁపమందు ఉచితము, నివారకౌషధమును నెలనెల కొనవలెను. దానిని నమ్మి దినదినపు మందును మానుటయే ప్రాణాపాయము. బ్యుడెసొనైడు భారతదేశపు అత్యవసర ఔషధముల జాబితాలోఁ గలదు. జాబితాలో నుండుట చాలదు. ప్రతి ప్రభుత్వ వైద్యశాలలోను బీదవానిచేతి కందవలెను. ఇది యడుగక చేఁపమందును మాత్రము వెక్కిరించెడి సంస్కర్త సగము పనియే చేసినవాఁడు.

తలిదండ్రులారా! వరునివారికి ముందుగానే చెప్పుఁడు. ఆ మాట విని వెనుదిరిగెడి సంబంధము పోయిన నష్టములేదు. దాఁచి పంపినయెడల, మీ కూఁతురు అత్తవారింట నందఱి యెదుట మందు పీల్చ వెఱచి, మాను దినములే యెక్కువగును. పిమ్మట నొక రాత్రి మాట పూర్తిచేయలేని యాయాసము వచ్చును, పెదవులు నీలవర్ణమగును. అపుడు ఉపశమనౌషధమును పీల్పించుచు తత్క్షణమే వైద్యశాలకుఁ గొనిపోవలెను. ఆమె మందెక్కడనున్నదో ఎఱుఁగనివారు ఆ గడియలో నేమి చేయుదురు? చీరల క్రింద వెదకుటకు వ్యవధి యుండదు.