మృత్యువును గెలవాలన్న కోరిక తప్పా?

కూచిపూడి భాగవతులు తరతరాలుగా ఆడుతున్న ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు దుర్మార్గుడే. కానీ వరం అడిగినందుకు కాదు. పగలు గానీ రాత్రి గానీ, ఇంటా బయటా, మనిషి వల్లా మృగం వల్లా చావు రాకూడదని ఘోర తపస్సు చేసి అడిగితే బ్రహ్మ కాదనలేదు. ఆ వరం అండతో, తనను తప్ప మరెవరినీ కొలవరాదని లోకాన్ని శాసించినప్పుడే అతని పతనం మొదలైంది.

అమరత్వంపై నేటి చర్చలో మరుగున పడుతున్నది ఈ తేడాయే. 2045 నాటికి మనిషి మేధ యంత్రమేధతో కలిసి ఇప్పటి హద్దులన్నీ దాటుతుందని అమెరికన్ ఆవిష్కర్త రే కర్జ్‌వైల్ 2005లో పుస్తకం రాశారు. 2024 నాటి పుస్తకంలోనూ అదే మాట మీద నిలిచారు. అరిజోనాలోని ఆల్కోర్ సంస్థ, రేపటి వైద్యం బతికిస్తుందన్న ఆశతో మృతదేహాలను ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుస్తోంది. మనసునే కంప్యూటర్‌లోకి ఎక్కించవచ్చనేవారూ ఉన్నారు. ఇది దైవధిక్కారమని కొందరు ఆస్తికులు, మతమే అడ్డంకి అని కొందరు సాంకేతికవాదులు తేల్చేస్తారు. ఇద్దరిదీ తొందరపాటే.

తెలుగు నేలకు ఈ ఆశ కొత్త కాదు. పాదరసంతో దేహాన్ని జరామరణాలకు అతీతం చేసే రసవిద్యను సిద్ధ నాగార్జునుడు శ్రీపర్వతం మీద సాధించాడని ఐతిహ్యం. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధికి భక్తులు నేటికీ మొక్కుతున్నారు. దేహాన్ని నిలుపుకోవాలన్న తపన మన భక్తిలో ఒక పాయగా ఎప్పుడూ ఉంది.

అహాన్ని కరిగించుకోవాలన్న రెండో పాయ, కూచిపూడి నాట్యానికి ఆద్యుడిగా చెప్పే సిద్ధేంద్రయోగిది. ఏరు దాటుతూ వరదలో చిక్కుకుని, ప్రాణాలు దక్కితే చాలని ఆపత్సన్యాసం స్వీకరించాడని ఆయన గురించి చెప్పుకుంటారు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన ఆ మనిషి దీర్ఘాయువు గురించి రాయలేదు. సత్యభామ అహంకారం విరహంలో కరిగే భామాకలాపం రాశాడు. కూచిపూడి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న కట్టుబాటు ఆయన పేరుమీదే నిలిచింది. ఎంత లోతైన నియమం! అహం కరగడమంటే ఏమిటో విని ఊరుకుంటే చాలదు, ఒంటితో ఆడి తెలుసుకోవాలన్నమాట. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) సత్యభామను వీడియోల్లో ఇప్పటికీ చూడవచ్చు. కానీ తెర మీదుగా జడ వేసి సవాలు విసిరిన ఆ సత్య ప్రతి తరంలోనూ మరో శిష్యుడి దేహంలో మళ్లీ పుట్టాల్సిందే.

అందుకే దేహం అక్కర్లేని అమరత్వంతో మన భక్తికి పొత్తు కుదరదు. జ్ఞాపకాలన్నీ యంత్రంలోకి చేరినా, వాటితోపాటు చేరిన 'నేను' కరిగేది ఎక్కడ? దేహాన్ని బాగుచేసే శాస్త్రంతో మాత్రం పేచీ లేదు. ఈ అమరత్వ కలలకు నెలవైన కాలిఫోర్నియాలోనే స్థిరపడ్డ తెలుగు సాంకేతిక నిపుణులు సిలికానాంధ్ర సంస్థగా ఏర్పడి కూచిపూడి నాట్యాన్ని అక్కడి పిల్లలకు నేర్పించారు. ఇక్కడ కూచిపూడిలో విరాళాలతో సంజీవని ఆసుపత్రి కట్టించారు. విశ్వాసానికీ విజ్ఞానానికీ ఇంతకంటే మంచి సయోధ్య వెతకనక్కర్లేదు.

ఇప్పుడు అమరావతిలో క్వాంటమ్ కంప్యూటింగ్ కేంద్రంగా క్వాంటమ్ వ్యాలీ వస్తోంది. ఆయువు పెంచే పరిశోధనలు రేపు అక్కడా జరగవచ్చు. వాటి ఫలం కోటీశ్వరుల వరమైపోకుండా దివిసీమ రైతుకూలీకీ అందేలా పాలకులు ఇప్పుడే షరతు పెట్టాలి.